ఆపరేషన్ కాని కన్ను

ఆ భవనంలో ఆయన్ని అందరూ గుర్తులాయన అంటారు. ఆయన ఏం పని చేస్తాడో మాత్రం ఎవరికీ సరిగ్గా తెలియదు. ఫోన్లోనూ కంప్యూటర్లోనూ వేలితో నొక్కే చిన్న చిన్న బొమ్మలుంటాయి కదా, చెత్తబుట్ట, కవరు, గంట, తాళం, వాటిని గీసేవాడు ఒకడుంటాడనీ, ఆ ఒకడు తమ పై అంతస్తులోనే ఉంటాడనీ ఎవరికి తడుతుంది? అవి వాటంతటవే మొలుస్తాయని లోకం నమ్మకం. కింది వాటా దర్జీ ఒకసారి మెట్ల మీద ఆపి అడిగాడు.

"చెత్తబుట్ట బొమ్మ గియ్యడానికి ఎంతసేపు పడుతుంది సార్?"

"వారం."

"బుట్టకా?"

"బుట్టదేముంది, మూతతోనే తలనొప్పి."

కాలరు గురించి తన దగ్గర ఎవరైనా నోరు జారితే తనూ ఇలాంటి జవాబే చెప్తాడు కాబట్టి, దర్జీ గౌరవంగా పక్కకి జరిగి దారిచ్చాడు.

గుర్తులాయన పనిగది కిటికీ పక్కన. అందులో ఒక బల్ల, చక్రాల కుర్చీ, ఎండాకాలంలో ఆయాసపడే పాత కంప్యూటరు. దాంట్లో ఆయన బొమ్మలు గీసే ప్రోగ్రాము ఒకటుంది. దాన్ని తయారుచేసినవాళ్ళు ఎప్పుడో దుకాణం కట్టేశారు. కొత్త కంప్యూటర్లలో అది తెరుచుకోదు. అందుకని ఆయన కొత్త కంప్యూటరు జోలికి పోలేదు. "ఇల్లు మారితే పిల్లి రాదని అదే ఇంట్లో ఉండిపోయినట్టుంది నీ వరస" అని వదిన దెప్పుతుంది. ఆయన కాదనడు. పిల్లి మంచిదైతే ఉండిపోవడంలో తప్పేమిటన్నది ఆయనకి ఇప్పటికీ అర్థం కాలేదు.

ఆ ప్రోగ్రాము చుట్టూ మరో మూడు చిన్న పరికరాలు, తెర మీద ఎప్పుడూ తెరిచే ఉంటాయి. మొదటిది భూతద్దం. బాణం గుర్తు ఎటు పోతే అటు పెంపుడు కుక్కలా వెంటపడుతుంది. దాంట్లోంచి చూస్తే గీత అంచున ఒక్కో చుక్కా గోడలో ఇటుకలా కనిపిస్తుంది. ఒక్క ఇటుక పక్కకి జరిగినా ఆయనకి అన్నం సయించదు. రెండోదాన్ని ఆయన 'మెట్లు' అంటాడు. గీసిన బొమ్మని అరచేయంత నుంచి కందిగింజంత వరకూ వరసగా నిలబెట్టి చూపిస్తుంది. బొమ్మ పూర్తయిందనిపించగానే ఆయన కుర్చీతో సహా వెనక్కి దొర్లుకుంటూ పోయి గోడకి ఆనుకుని, కందిగింజ మెట్టు మీదున్న బొమ్మని చూస్తాడు. గోడ దగ్గర్నుంచి పోల్చుకోగలిగితే పని అయినట్టు. లేకపోతే మళ్ళీ బల్ల దగ్గరికి దొర్లుకుంటూ రావడమే. గోడ సున్నం మీద కుర్చీ వీపు ఆనినంత మేర ఒక మచ్చ పడిపోయింది.

మూడోది రంగు చెప్పే గొట్టం. ఏ చుక్క మీద పెడితే ఆ చుక్క రంగుని అంకెల్లో చెప్తుంది. ఇది మంచిదే కానీ ఆయన దీన్ని పెద్దగా వాడడు. కన్నుండగా అంకెలెందుకని ఆయన ధీమా.

ఆ ధీమా మీదే మందుల డబ్బా పని ఒప్పుకున్నాడు.

ఒక చిన్న కంపెనీ ముసలివాళ్ళ కోసం మాత్రల డబ్బా తయారుచేస్తోంది. డబ్బా మూత మీద చిన్న తెర ఉంటుంది. పొద్దున మాత్రకి వేళైతే ఒక బొమ్మ, రాత్రి మాత్రకి మరో బొమ్మ, అన్నానికి ముందో తర్వాతో చెప్పడానికి ఇంకో బొమ్మ. చదువు రాకపోయినా, వచ్చిన చదువు చూపు ఆనక పనికిరాకుండా పోయినా, బొమ్మ చూసి మాత్ర వేసుకోవాలి. ఆ కంపెనీ తరఫున మాట్లాడే అమ్మాయికి ఆయన మనసులో 'మాత్రలమ్మాయి' అని పేరు పెట్టుకున్నాడు. మొదటి విడత బొమ్మలు గీసి పంపితే, ఆమె వాటిని ఒక పెద్దల కేంద్రంలో పరీక్షించింది. పొద్దున్నే పిల్లలు తీసుకొచ్చి దింపి, సాయంత్రం తీసుకెళ్ళే చోటు అది.

"ఒక్కళ్ళు కూడా పొరబడలేదు సార్!" అంది ఫోన్లో. "ఇలాంటివి ఎక్కడా చూడలేదు. మీకెలా తెలిసింది సార్, వాళ్ళకి ఇలాగైతే కనబడతాయని?"

"అనుభవం" అన్నాడాయన. ఆ మాట అన్నందుకు తర్వాత సిగ్గుపడవలసి వచ్చింది.

మిగతా సగం గియ్యమంది. మొదలుపెడదామనుకుంటుండగా వదిన వచ్చింది. వదిన అంటే ఆయన భార్యకి అక్క. పక్కవీధిలో ఉంటుంది. బడిలో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైంది కానీ డ్రిల్లు ఆమెనింకా వదల్లేదు. గుమ్మంలో నిలబడి ఆయన పాదాలకేసి చూసింది.

"మరిదీ, ఆ కాలికి ఏ రంగు మేజోడు వేశావు?"

"నలుపు."

"ఈ కాలికి?"

"అదీ నలుపే."

"అది ముదురు నీలం. నీ చొక్కా ఏ రంగు?"

"తెలుపు. కాస్త మాసినట్టుంది."

"నిన్ననే ఉతికించాను. పద డాక్టరు దగ్గరికి."

డాక్టరమ్మ రెండు కళ్ళలోకీ లైటు వేసి చూసి, రెంటిలోనూ శుక్లాలున్నాయంది. లోకమంతా టీ పోసిన గాజుగ్లాసులోంచి కనిపిస్తున్నట్టుండాలే, తెలియలేదా అనడిగింది. భవనానికి రంగు వేయించక పాతబడిపోయిందనుకున్నానని చెప్పాడాయన. ముందు కుడి కన్నుకి, కాస్త ఆగి ఎడమ కన్నుకి ఆపరేషన్ అని తేల్చింది.

కుడి కన్నుకి కట్టు విప్పిన రోజు ఆయన ముందు గోడకేసి చూశాడు. గోడ తెల్లగా ఉంది. అంత తెలుపు ఒకటి లోకంలో ఉందని మర్చిపోయాడు. ఎదురుగా వదిన నిలబడి ఉంది.

"వదినా, మీకిన్ని ముడతలు ఎప్పుడొచ్చాయి?"

"ఆపరేషన్ నీ కంటికి చెయ్యమన్నాను కానీ నోటికి చెయ్యమనలేదు" అంది వదిన. "తల పైకి! కన్ను తెరువు! కదలకు!" అని చుక్కల మందు వేసింది.

ఇంటికొచ్చాక హాల్లో ఉన్న భార్య ఫోటో ముందు ఆగాడు. చీర అంచు బూడిద రంగని ఇన్నాళ్ళూ అనుకుంటున్నాడు. కాదు, లేత ఊదా. భుజం దగ్గర పిన్నీసు ఒకటి కొద్దిగా బయటికొచ్చి మెరుస్తోంది. ఫోటోకి నిలబడేముందు హడావుడిగా పెట్టుకుని ఉంటుంది. ఆ పిన్నీసుని ఆయన చాలాసేపు చూశాడు. పోయిన మనిషి గురించి కొత్త సంగతి ఒకటి తెలియడం సామాన్యమైన అదృష్టం కాదు.

డాక్టరమ్మ అనుమతి ఇచ్చాక కంప్యూటరు తెరిచాడు. మాత్రల డబ్బా బొమ్మలు తెర మీదికొచ్చాయి.

గీతలు దూలాల్లా ఉన్నాయి. నీలం రంగు తెర మీద ఉండలేక అరుస్తోంది. సూర్యుడి చుట్టూ పెట్టిన కిరణాలు మేకుల్లా ఉన్నాయి. చంద్రుడు ఎవరో కొరికి పారేసినట్టున్నాడు. రంగు గొట్టం పెట్టి చూస్తే, ఇన్నాళ్ళూ ఆయన లేత రంగులనుకుని వేసినవన్నీ గొంతు చించుకునే రంగులని అంకెలు కూడా సాక్ష్యం చెప్పాయి. ఇవా నేను పంపింది? పేరున్న మనిషినని చెప్పుకుంటూ? ఎవరూ లేని గదిలో ఆయన చెవులు వేడెక్కాయి.

వెంటనే పనిలోకి దిగాడు. ఉన్నవన్నీ మళ్ళీ గీశాడు. సన్నని గీతలు, మెత్తని మలుపులు, పొద్దుటికి పలచని పసుపు, రాత్రికి పలచని నీలం మీద వెండి లాంటి చంద్రుడు. భూతద్దంలో ఒక్క ఇటుక కూడా పక్కకి జరగలేదు. గోడకి ఆనుకుని చూస్తే కందిగింజ మెట్టు మీద కూడా నవ్వుతూ కనిపించాయి. ఇంత బాగా గీసి ఎన్నేళ్ళయిందో. పాతవాటిలో లోపాలున్నాయి, దయచేసి తీసి పారేసి వీటిని వాడండని మాత్రలమ్మాయికి ఒక ముక్క రాసి పంపించాడు.

ఆ తర్వాత ఫోన్లో ఆమె గొంతు మారింది.

"సార్, ఒకసారి కేంద్రానికి రాగలరా? మీరే చూస్తే బాగుంటుంది."

వెళ్ళాడు. వెలుతురున్న పొడుగాటి హాలు, గోడ వారగా కుర్చీలు, మూల టీవీ. కిటికీ పక్కన ఒక పెద్దావిడ, ఆవిడ పక్కన ఒకప్పుడు బస్సు కండక్టరుగా పనిచేసిన పెద్దాయన. మాత్రలమ్మాయి డబ్బా తెర మీద రాత్రి మాత్ర బొమ్మ పెట్టి పెద్దావిడ చేతికిచ్చింది.

"ఏం కనిపిస్తోంది మామ్మగారూ?"

పెద్దావిడ డబ్బాని దగ్గరికి తెచ్చుకుంది, దూరం పెట్టింది, మళ్ళీ దగ్గరికి తెచ్చుకుంది. "ఏం లేదమ్మా. ఖాళీ."

"ఇటివ్వండి" అని కండక్టరు లాక్కున్నాడు. "ఉందండీ, ఏదో గుండ్రంగా ఉంది. గుండీ." మాత్రలమ్మాయి పొద్దుటి బొమ్మ పెట్టింది. "ఇది ఇంకో గుండీ. రెండు గుండీలిచ్చారు సరే, చొక్కా ఏది?"

హాల్లో అందరూ నవ్వారు. గుర్తులాయన నవ్వలేదు. ఆయన మెల్లిగా అరచేత్తో ఆపరేషన్ అయిన కన్నుని మూసుకుని, మాత్రలమ్మాయి మళ్ళీ రాత్రి బొమ్మ పెట్టి పెద్దావిడకిచ్చిన డబ్బాకేసి ఎడమ కన్నుతో చూశాడు.

ఖాళీ.

చెయ్యి తీశాడు. చంద్రుడు వెండిలా మెరుస్తున్నాడు. మళ్ళీ మూశాడు. చంద్రుడు లేడు. పక్కనున్నవాళ్ళకి ఆయన ఏదో ఆట ఆడుతున్నట్టుంది.

"బాబుకి కంట్లో నలకపడినట్టుంది" అంది పెద్దావిడ.

బయటికొచ్చాక మాత్రలమ్మాయి ఉన్న సంగతి చెప్పింది. "మొదటివాటిని వెనక్కి పెట్టేస్తాం సార్, ఇబ్బంది లేదు. మిగతా సగమే సమస్య. మావాళ్ళు రెడీమేడ్ బొమ్మలు తెచ్చి అతికించేద్దామంటున్నారు. ఇంకో పరీక్ష పెడదామని నేనే బతిమాలాను. అందులో కూడా పోతే ఇంక నా చేతిలో ఉండదు."

"రెడీమేడ్ బొమ్మలు వీళ్ళకి కనిపిస్తాయా?"

"కనిపించవు సార్. కానీ కనిపించలేదని వీళ్ళెక్కడ ఫిర్యాదు చేస్తారు? ఏదో ఒకటి మింగేస్తారు."

ఆ పని పోతే ఆయన పస్తులుండడు. ఆ సంగతి ఆయనకి తెలుసు. కానీ భార్య పోయాక పొద్దున్నే మంచం దిగడానికి ఆయనకి మిగిలిన కారణం ఒక్కటే, ముందురోజు సగంలో వదిలిన గీత. ఆ గీత గియ్యడం తనవల్ల కాదని తేలితే మంచం దిగి ఎక్కడికి పోవాలి? దానికితోడు ఇప్పుడు పెద్దావిడ ముఖం కళ్ళలో మెదులుతోంది. ఖాళీ డబ్బాని అంత నమ్మకంగా అటూ ఇటూ తిప్పి చూసింది.

నేరుగా డాక్టరమ్మ దగ్గరికి పోయాడు.

"రెండో కన్ను అలాగే ఉంచేసుకోవచ్చా అండీ?"

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "దేనికి?"

"పనికి."

"ఏం పని?"

"చెత్తబుట్టలూ అవీ గీస్తుంటాను."

డాక్టరమ్మ ఆయన ముఖంలోకి కొంచెంసేపు చూసింది. "శుక్లం తియ్యొద్దని ఏడ్చినవాళ్ళున్నారు. పారిపోయినవాళ్ళున్నారు. పనికొస్తుంది, ఉంచండని అడిగింది మీరొక్కరే. కొన్నాళ్ళు ఆగొచ్చు. మరీ ముదరబెడితే తియ్యడం నాకు కష్టం, మీకు నష్టం. ఈలోగా ఒక కన్ను ఒకలా, ఇంకో కన్ను ఇంకోలా చూస్తుంటే అడుగు తడబడుతుంది. మెట్లు జాగ్రత్త."

ఆయనకి ఆగొచ్చన్న ముక్క వినిపించింది. తర్వాతి ముక్కలు వినిపించలేదు.

ఇంటికొచ్చి, ఆపరేషనప్పుడిచ్చిన ప్లాస్టిక్ డిప్పకి నల్లకాగితం అతికించి, శుభ్రంగా కనిపించే కన్ను మీద కట్టుకున్నాడు. కనిపించని కన్నుతో పని మొదలుపెట్టాడు. అన్నానికి ముందు అనే బొమ్మ సగం వచ్చింది. టీ గ్లాసు అందుకుని తాగి, చూడకుండానే బల్ల మీద పెట్టాడు. అయితే బల్ల ఉందనుకున్న చోట బల్ల లేదు.

గ్లాసు పగిలిన చప్పుడుకి, అప్పుడే మెట్లెక్కుతున్న వదిన పరుగున వచ్చింది. కుర్చీలో నల్లడిప్ప కట్టుకున్న మరిదిని చూసింది. నేల మీద టీ చూసింది. ముందు చీపురు తెచ్చి గాజుముక్కలన్నీ ఎత్తిపోసింది. తిట్లు తర్వాత ఎక్కడికీ పోవు, గాజు కాల్లో దిగుతుందని ఆమె పద్ధతి.

"ఇప్పుడు చెప్పు. బాగైన కన్ను మూసేసి, బాగవని కన్ను తెరిచి కూర్చోవడం ఏ దేశపు వైద్యం?"

ఆయన జరిగినదంతా చెప్పాడు. గుండీల సంగతి కూడా దాచలేదు.

"ఈ కన్నుతో చూస్తేనే వదినా, వాళ్ళకి ఏం కనిపిస్తుందో నాకు తెలిసేది. ఇది కూడా తీయించేస్తే నా దగ్గరింకేం ఉండదు."

వదిన చీపురు గోడకి ఆనించింది. "మా చెల్లెలు పోతూ పోతూ నిన్ను నాకు అప్పజెప్పింది. రెండు కళ్ళున్న మనిషిని అప్పజెప్పింది. రేపు పైకెళ్ళాక ఒక కన్ను తక్కువైందేమే అక్కా అంటే నేనేం చెప్పను? బొమ్మల్లో పెట్టేశాడే అని చెప్పనా?"

"అది కాదు..."

"ఏది కాదు? లోకంలో శుక్లం నీ ఒక్కడికే దొరికిందా? ఆ కేంద్రం నిండా అవే కదా! నీది తీయించుకుని వాళ్ళవి వాడుకో."

"వాళ్ళేమైనా నా తెర మీద పరికరాలా, కావలసినప్పుడు తెరిచి వాడుకోవడానికి?"

"అడిగి చూడు ముందు. పొద్దస్తమానం ఊసుపోక కూర్చున్నవాళ్ళని వచ్చి తప్పులు పట్టండి బాబూ అంటే ఎవరైనా కాదంటారా? నేనైతే అనను."

అది నిజమే. వదిన ఆ పని పిలవకుండానే చేస్తుంది.

ఎడమ కన్నుకీ ఆపరేషన్ అయిపోయింది. లోకం రెండు వైపులా తెల్లబడింది. తెల్లబడిన లోకంలో ఆయన, దర్జీ కలిసి పాత కంప్యూటరుని పసిబిడ్డలా పట్టుకుని మెట్లు దింపి, ఆటో ఎక్కించి కేంద్రానికి చేర్చారు. హాల్లో పనిచేసే ప్లగ్గు ఒక్కటే, దానికి టీవీ తగిలించి ఉంది. టీవీ తీస్తే గొడవవుతుందని ఆయన భయపడ్డాడు.

"తీసెయ్యండి" అన్నాడు కండక్టరు. "అందులో ఆ కోడలు ఏడాదిగా ఏడుస్తోంది. కాసేపు రెస్టు తీసుకోనీ."

ఇదివరకు ఆయనే కుర్చీతో సహా గోడ దాకా దొర్లిపోయేవాడు. ఇప్పుడు గోడ వారన ఒక వరసగా ఆ పెద్దవాళ్ళు కూర్చున్నారు. ఆయన కదలనక్కర్లేదు. గీసిందాన్ని మెట్లు అనే పరికరంలో పెట్టి తెర వాళ్ళవైపు తిప్పితే చాలు, తీర్పు వచ్చేస్తుంది. ఆ తీర్పుల్లో మొహమాటం లేదు.

"అన్నానికి ముందు, నిండు కంచం. అన్నం తర్వాత, ఖాళీ కంచం" అని ఆయన వివరించాడు.

"రెండూ కంచాలే" అంది పెద్దావిడ. "నిండుదేదో నువ్వు చెప్తే తెలిసింది. డబ్బాతో పాటు నువ్వూ వస్తావా బాబూ మా ఇంటికి?"

"తిన్న కంచం అలా తళతళలాడుతుందా?" అన్నాడు కండక్టరు. "అది కడిగి బోర్లించిన కంచం. తిన్నదైతే మెతుకులుండాలి."

ఆయన రెండు మెతుకులు పెట్టాడు. చీమలన్నారు. మెతుకులు లావు చేశాడు. ఇంకా అన్నారు. ఇంకా చేశాడు. కంచం అంచు దూలమంత అయింది. ఆయన రెండు కళ్ళూ ఆ అంచుని చూడలేక కిటికీ వైపు తిరిగిపోయాయి.

"ఇప్పుడు కంచం!" అంది పెద్దావిడ. ఆవిడ వరసలో అందరూ తలలూపారు.

"మరీ మోటుగా లేదాండీ?"

"మేమేమన్నా కంచాన్ని పెళ్ళి చేసుకుంటామా?" అంది ఆవిడ.

అలా రోజూ వెళ్ళాడు. ఎవరికి ఏ రంగు ఆనుతుందో, ఏ గీత ఎక్కడ మాయమవుతుందో, కంటికి ఆనకపోయినా ఆనినట్టు ఎవరు బొంకుతారో తెలిసింది. ఆ చివరివాడు కండక్టరు. రంగు గొట్టం అంకెలన్నీ గుర్తులాయనకి నోటికొచ్చేశాయి. కన్ను చెప్పిన మాట పక్కన పెట్టి అంకె చెప్పిన మాట వినడం మాత్రం చేదుమందు మింగినట్టే ఉండేది. తన చేత్తో తను అసహ్యించుకునేదాన్ని గియ్యడం, దాన్ని మళ్ళీ భూతద్దం కింద పెట్టి ఒక్క ఇటుక కూడా పక్కకి జరగకుండా సర్దడం. అసహ్యమైనదైనా అంచు సరిగ్గా ఉండాలి కదా.

పరీక్ష రోజున మాత్రలమ్మాయి మరో కేంద్రం నుంచి కొత్తవాళ్ళని పిలిపించింది. గియ్యడంలో చెయ్యి పెట్టినవాళ్ళు పరీక్షలో కూర్చోకూడదంది. కండక్టరు మొహం ముడుచుకున్నాడు. "కష్టపడి నేర్చుకున్నాక రానివ్వరా?" అన్నాడు.

కొత్తవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి డబ్బా చేతిలోకి తీసుకున్నారు. పొద్దున అన్నారు. రాత్రి అన్నారు. తినబోయే కంచం, తిన్న కంచం అన్నారు. తలుపు అవతల పెద్దావిడ వరసంతా చెవులు రిక్కించి నిలబడింది. గుర్తులాయన గోడకి ఆనుకుని ఉన్నాడు.

చివరి బొమ్మ, ఈ మాత్ర మింగొద్దు అనేది. అన్నిటికన్నా అది ముఖ్యమైనది. ఒక బామ్మగారు డబ్బా తీసుకుని చూసింది. తిప్పి చూసింది. మాత్రలమ్మాయి పక్కనే నిలబడింది. ఆవిడ నోరు విప్పేదాకా ఏమీ అడగడానికి వీల్లేదు, అడిగితే సాయం చేసినట్టవుతుంది.

"దీన్ని గీసినవాడెవడో చాలా కోపిష్ఠి" అంది బామ్మగారు చివరికి.

"ఎందుకని బామ్మగారూ?"

"చూడు ఎంత లావుగా కొట్టేశాడో. వద్దంటున్నాడు."

"ఏం వద్దంటున్నాడు?"

"మాత్ర. మింగొద్దంటున్నాడు. నేను మింగనులే, అంత అరవక్కర్లేదని చెప్పు."

తలుపు అవతల చప్పట్లు మొదలయ్యాయి. కండక్టరు ఈల కూడా వేశాడు.

హాలు ఖాళీ అయ్యాక మాత్రలమ్మాయి ఆయన పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. తెర మీద బొమ్మలన్నీ వరసగా ఉన్నాయి.

"సార్, మీరేమీ అనుకోకపోతే... కొంచెం బండగా ఉన్నాయి కదా?"

"కొంచెం కాదమ్మా."

"మీ పేరు మీద వెళ్తాయి. ఒకసారి చూసుకుని మీకు సరేననిపిస్తేనే పంపండి."

ఆయన కళ్ళజోడు కూడా అక్కర్లేని రెండు కళ్ళతో తెరకి దగ్గరగా వంగి, ఒక్కో బొమ్మనీ పై నుంచి కింది దాకా తీరిగ్గా చూశాడు. అన్నీ దరిద్రంగా ఉన్నాయి.

పంపించేశాడు.